చెట్లు లేని అడవి, యజమాని ఉన్న ఉమ్మడి నేల: డార్ట్‌మూర్ చిక్కుముడి

2025 మే 21న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక గుడారం కేసు తేల్చింది. ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో, డార్ట్‌మూర్ అనే ఎత్తైన రాతి బీడు ఉంది. అక్కడి ఉమ్మడి మేత నేలల మీద యజమానిని అడగకుండా గుడారం వేసుకుని రాత్రి పడుకునే హక్కు జనానికి ఉందా, లేదా? ఉందని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

మనవాళ్ళకు ఈ వార్త చదవగానే వరసగా సందేహాలు వస్తాయి. అది నేషనల్ పార్కు కదా, ప్రైవేటు యజమాని ఎక్కడి నుంచి వచ్చాడు? ఉమ్మడి నేల అంటున్నారు, మరి అనుమతి ఎవరిని అడగాలి? మ్యాపులో "డార్ట్‌మూర్ ఫారెస్ట్" అని పెద్ద అక్షరాల్లో ఉంది, ఫొటోల్లో చూస్తే ఒక్క చెట్టూ లేదేం? ఈ గందరగోళమంతా మాటల దగ్గరే పుట్టింది. డార్ట్‌మూర్‌లో ఫారెస్ట్, కామన్, పార్క్ అనే మూడు మాటలకూ మనం అనుకునే అర్థాలు లేవు. ఒక్కో మాట ఒక్కో కాలపు చట్టం నుంచి వచ్చింది. పాత చట్టం పోలేదు, కొత్తది వచ్చి దాని మీద కూర్చుంది.

## ముందుగా నేల: రాయి, వాన, పీట్

మూర్ అంటే సాగుకు లొంగని, చెట్లు అంతగా లేని, ఎత్తైన తడి బీడు. అక్కడ మొలిచేవి గడ్డి, హెదర్ అనే ఊదాపూల పొద, పసుప్పూల గోర్స్ ముళ్ళకంప. డార్ట్‌మూర్ అడుగున ఉన్నది గ్రానైట్. సుమారు 28 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో శిలాద్రవం పైకి రాకుండానే చల్లారి గట్టిపడింది. పైన ఉన్న పొరలు కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయి, ఆ ముద్ద బయటపడింది. అన్నిటికంటే ఎత్తైన చోటు హై విల్‌హేస్, 621 మీటర్లు. దాని పక్కనే ఉన్న యెస్ టోర్ 619. చూసేవాళ్ళకు యెస్ టోరే ఎత్తుగా కనిపిస్తుంది. అసలు శిఖరం మాత్రం ఓ మోస్తరు రాళ్ళ దిబ్బలా ఉంటుంది.

అట్లాంటిక్ మీదుగా వచ్చే మబ్బులకు అడ్డు తగిలే మొదటి ఎత్తుల్లో ఇదొకటి కాబట్టి వాన విపరీతం. నడిమధ్యనున్న ప్రిన్స్‌టౌన్ ఊళ్ళో ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్లు పడుతుంది. అడుగున గ్రానైట్, నీళ్ళు దిగవు. నిలవనీటిలో గాలి ఆడదు. గాలి ఆడకపోతే చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళవు. అలా సగం కుళ్ళి పేరుకున్న నల్లటి మెత్తటి పొరే పీట్. ఏడాదికి మహా అయితే ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే రెండు మీటర్ల పీట్ ఉందంటే కనీసం రెండు వేల ఏళ్ళు పట్టిందన్నమాట.

పీట్ గుంటల్లో కొన్నిటి పైన పచ్చటి నాచు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అడుగు వేస్తే నేలంతా తొణుకుతుంది. వీటిని అక్కడివాళ్ళు "ఈకల పరుపులు" అంటారు. మూర్ మీద కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. అన్నిటికంటే పచ్చగా, చదునుగా ఉన్నచోటు నడవడానికి బాగుంటుందనుకుంటారు. ఎండు గడ్డి రంగు మారి లేత పచ్చ మెరిసిందంటే కింద నీళ్ళున్నాయనే లెక్క.

ఇదే గ్రానైట్ ఈమధ్య మరో రకంగా వార్తల్లోకి వచ్చింది. ఈ రాతిలో కొద్దిపాటి యురేనియం ఉంటుంది. అది క్షీణిస్తూ రాడాన్ అనే రంగూ వాసనా లేని వాయువునిస్తుంది. ప్రిన్స్‌టౌన్‌లోని డార్ట్‌మూర్ జైలు లోపల రాడాన్ మోతాదు మించడంతో 2024లో ఖైదీలందరినీ వేరే జైళ్ళకు తరలించి, తాత్కాలికంగా మూసేశారు. 1809లో నెపోలియన్ యుద్ధఖైదీల కోసం తెరిచిన జైలది.

## టోర్: కొండ మీద రాళ్ళు ఎవరు పేర్చారు?

డార్ట్‌మూర్ కొండల నెత్తిన ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు రాళ్ళ గుట్టలుంటాయి. వాటిని టోర్ అంటారు. పేరున్నవే 160 పైచిలుకు. హేటోర్, హౌండ్ టోర్, విక్సెన్ టోర్ బాగా తెలిసినవి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తది కాదు. గచ్చిబౌలి, గోల్కొండ చుట్టూ నిలబడ్డ బండలూ గ్రానైట్‌లో పుట్టిన ఇలాంటి రూపాలే. కాకపోతే మన రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డార్ట్‌మూర్ గ్రానైట్ దాని ముందు నిన్నమొన్నటిది.

ఇవి ఎలా ఏర్పడ్డాయన్న దాని మీద భూగోళ శాస్త్రవేత్తలకు పెద్ద వాదమే నడిచింది. 1955లో డేవిడ్ లింటన్ రెండు దశల వివరణ ఇచ్చాడు. గ్రానైట్ చల్లారేటప్పుడు నిలువుగా, అడ్డంగా పగుళ్ళు వస్తాయి. వెచ్చటి, తేమ వాతావరణం ఉన్న కాలంలో నీళ్ళు ఆ పగుళ్ళ వెంట నేలలోకి దిగి రాతిని రసాయనికంగా కుళ్ళబెట్టాయి. పగుళ్ళు దగ్గరగా ఉన్నచోట రాయి పూర్తిగా పిండైంది. దూరంగా ఉన్నచోట మధ్యలో గట్టి ముద్దలు మిగిలాయి. ఇదంతా నేల కిందే జరిగింది. తర్వాత మంచుయుగాల్లో ఆ పిండి కొట్టుకుపోయి, ముద్దలు బయటపడ్డాయి. పిండైన రాతిని డెవన్ మాండలికంలో "గ్రోవన్" అంటారు. చేత్తో నలిపితే ఇసుకలా రాలుతుంది.

1962లో పామర్, నీల్సన్ అనే ఇద్దరు దీన్ని ఒప్పుకోలేదు. వెచ్చటి కాలం కథ అక్కర్లేదు, పగుళ్ళలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రాతిని చీల్చడంతోనే ఇదంతా జరిగిందన్నారు. టోర్ల కింద వాలు పొడవునా చెల్లాచెదురుగా పడి ఉన్న కోసుబండలను సాక్ష్యంగా చూపించారు. వీటిని అక్కడ "క్లిటర్" అంటారు. నిజానికి రెండు సాక్ష్యాలూ కళ్ళ ముందే ఉన్నాయి. కొన్ని క్వారీల గోడల్లో గుండ్రటి ముద్దల చుట్టూ గ్రోవన్ కనిపిస్తుంది. చాలా టోర్ల కింద క్లిటర్ కనిపిస్తుంది. అన్ని టోర్లకూ ఒకటే పుట్టుక ఉండాలన్న పట్టుదలే అసలు ఇబ్బందని నాకనిపిస్తుంది. హైదరాబాద్‌కు మంచుయుగపు చలి తగల్లేదు, అయినా బండలు అలాగే నిలబడ్డాయి. ఒక్క చలితోనే పని జరిగిందనేవాళ్ళు జవాబు చెప్పాల్సిన విషయమిది.

## "ఫారెస్ట్": అడవి కాదు, రాజుగారి వేట హద్దు

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఫారెస్ట్ అంటే చెట్ల గుంపు కానక్కర్లేదు. రాజు వేటకు కేటాయించుకుని, మామూలు చట్టానికి బదులు ప్రత్యేక ఫారెస్ట్ చట్టం అమలయ్యే ప్రాంతమని అర్థం. లోపల ఊళ్ళుండొచ్చు, పొలాలుండొచ్చు. జింకను కొట్టినా, అనుమతి లేకుండా గోడ కట్టినా శిక్షే. ఒకప్పుడు డెవన్ కౌంటీ అంతా ఇలాంటి ఫారెస్టే. 1204లో డెవన్ ప్రజలు జాన్ రాజుకు 5,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) చెల్లించి కౌంటీని ఆ చట్టం నుంచి విడిపించుకున్నారు. డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్ మాత్రం రాజు దగ్గరే ఉండిపోయాయి.

1239లో మూడో హెన్రీ డార్ట్‌మూర్‌ను తన తమ్ముడు రిచర్డ్‌కు ఇచ్చేశాడు. రాజు చేతిలో లేనిది ఫారెస్ట్ కాదు, చట్ట పరిభాషలో దాని పేరు "చేజ్". కాబట్టి పక్కాగా చెప్పాలంటే డార్ట్‌మూర్ ఫారెస్ట్ కాకుండా పోయి ఎనిమిది వందల ఏళ్ళు కావస్తోంది. పేరు మాత్రం పోలేదు. మరుసటి ఏడు, 1240లో, పన్నెండుగురు నైట్లు, అంటే సర్దార్లు, గుర్రాల మీద చుట్టూ తిరిగి, ఏ కొండ నుంచి ఏ వాగు వరకు హద్దో రాసిపెట్టారు. 1337లో రాజకుమారుడి కోసం డచీ ఆఫ్ కార్న్‌వాల్ అనే ఎస్టేటు ఏర్పడినప్పుడు ఈ భూమి అందులో కలిసింది. నేటికీ అందులోనే ఉంది. ప్రస్తుత డ్యూక్ ప్రిన్స్ విలియం. నేషనల్ పార్కులో నాలుగో వంతుకు పైగా భూమి ఆయన డచీదే.

చెట్లు లేని ఈ ఫారెస్ట్‌లో నిజంగా చెట్లున్న పాత తోపులు మూడు: విస్ట్‌మన్స్ వుడ్, బ్లాక్-ఎ-టోర్ కాప్స్, పైల్స్ కాప్స్. విస్ట్‌మన్స్ వుడ్‌లో ఓక్ చెట్లు మరుగుజ్జుల్లా వంకర్లు తిరిగి, ఒంటినిండా నాచు కప్పుకుని ఉంటాయి. అవి అక్కడే ఎందుకు మిగిలాయో నేల చూస్తే తెలుస్తుంది. అంతా పెద్ద పెద్ద బండలు. ఆ సందుల్లో మొలిచిన మొక్క మీదికి గొర్రె మూతి చేరదు.

రాజుగారి హద్దు సామాన్యుడి చావును కూడా ముట్టింది. ఫారెస్ట్ అంతా లిడ్‌ఫర్డ్ చర్చి పరిధిలో ఉండేది. తూర్పు అంచున ఎవరైనా చనిపోతే శవాన్ని భుజాల మీద మూర్ అడ్డంగా దాటించి, ఇంచుమించు 12 మైళ్ళు మోసుకుపోవాలి. ఆ బాట పేరు లిచ్ వే. "లిచ్" అంటే పాత ఇంగ్లీషులో శవం. 1260లో బిషప్ బ్రోన్స్‌కోంబ్ దయతలచి, దూరపు వాళ్ళు దగ్గర్లోని వైడ్‌కోంబ్ చర్చికి వెళ్ళొచ్చని అనుమతించాడు.

## "కామన్": అందరిదీ కాదు, కొందరికి హక్కున్నది

ఇదే అసలు ముడి. మన ఊళ్ళలో బంచరాయి, గైరాన్ అంటే ప్రభుత్వ రికార్డులో ఉన్న మేత భూమి. ఇంగ్లండ్ కామన్ అలా కాదు. దానికి ఒక యజమాని ఉంటాడు. మట్టి అతనిది. ఆ మట్టి మీద కొన్ని పనులు చేసుకునే హక్కు చుట్టుపక్కల కొన్ని పొలాలకు ఉంటుంది. ఆ హక్కున్నవాళ్ళను కామనర్లు అంటారు. పశువులు మేపుకోవడం, పొయ్యిలోకి పీట్ కోసుకోవడం, పుల్లలు ఏరుకోవడం, పందుల్ని తోలుకోవడం, దేనికది వేరే హక్కు. పీట్ హక్కున్నవాడికి మేత హక్కు ఉండాలని లేదు.

ఎన్ని పశువుల్ని తోలొచ్చు? పాత కొలతకు ఫ్రెంచి నుంచి వచ్చిన చట్టపు పేరు "లెవాంట్ అండ్ కూషాంట్". లేచేవి, పడుకునేవి అని అర్థం. చలికాలమంతా నీ సొంత పొలంలో లేచి పడుకోగలిగినన్నే వేసవిలో కామన్ మీదికి తోలాలి. ఒక రైతు గడ్డివాము 40 ఆవుల్ని చలికాలం గట్టెక్కించగలదనుకుందాం. వేసవిలో అతను 40 తోలొచ్చు. వసంతంలో సంతకెళ్ళి ఇంకో 60 కొని, ఊరందరి గడ్డి మీద బలిపించి, చలి రాకముందే అమ్మేస్తానంటే కుదరదు. నేలకు కావలి కాసేది చలికాలమే. పోలీసు అక్కర్లేదు.

1965లో వచ్చిన కామన్స్ రిజిస్ట్రేషన్ చట్టంతో ఇది మారింది. హక్కులన్నీ సంఖ్యలుగా రిజిస్టర్లోకి ఎక్కాయి. సంఖ్య ఒకసారి పడ్డాక సొంత గడ్డి ఎంతన్నది ఎవరూ అడగలేదు. చలికాలం మేత బయట కొనుక్కోవచ్చు. దీనికి తోడు, బ్రిటన్ 1973లో యూరోపియన్ కూటమిలో చేరాక పశువుకింతని సబ్సిడీ వచ్చింది. కొండ మీద మందలు పెరిగాయి.

గొర్రెలకు కంచెలుండవు. అయినా ఒక్కో మంద తన చోటు వదిలి పోదు. ఆ చోటును డార్ట్‌మూర్‌లో "లియర్" అంటారు. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. అందుకే 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందల్ని చంపేయాల్సి వచ్చినప్పుడు నష్టం పశువుల ధరతో పోలేదు. కొత్తగా కొన్న గొర్రెలకు లియర్ తెలియదు.

కామనర్లలో ఇంకో పాత తరగతి ఉంది, వెన్‌విల్ రైతులు. ఫారెస్ట్ అంచు ఊళ్ళవాళ్ళు. కొద్దిపాటి శిస్తు కట్టి పగలంతా రాజుగారి నేల మీద మేపుకోవచ్చు. పొద్దుగూకేసరికి పశువులు వెనక్కి రావాలి. రాత్రి అక్కడే ఉంచితే "రాత్రి బస" కింద వేరే పెన్నీలు చెల్లించాలి. పగలు తిరగడం ఒక హక్కు, రాత్రి పడుకోవడం ఇంకో హక్కు. 2022లో మనుషుల విషయంలో కోర్టుకెక్కిన వాదం సరిగ్గా ఇదే!

## తగరం తవ్వేవాళ్ళకు వేరే రాజ్యం

రాజు, కామనర్లు చాలరన్నట్టు మూడో వర్గం ఒకటుంది. గ్రానైట్‌తో పాటు తగరం దొరికేది. పన్నెండో శతాబ్దం నాటికే వాగుల ఇసుకలో తగరపు ఖనిజాన్ని కడిగి తీసేవారు. తగరం మీద పన్ను రాజుకు ముఖ్యం కాబట్టి తవ్వేవాళ్ళకు విచిత్రమైన స్వేచ్ఛ ఇచ్చారు. ఎవరి నేలలోనైనా తవ్వొచ్చు, వాగును మళ్ళించొచ్చు. వాళ్ళ నేరాలకు వేరే కోర్టులు. కరిగించిన తగరపు దిమ్మలు టావిస్టాక్, యాష్‌బర్టన్, చాగ్‌ఫర్డ్, తర్వాత ప్లింప్టన్ ఊళ్ళకు తేవాలి. అక్కడ దిమ్మ మూల కొంచెం చెక్కి, నాణ్యత చూసి, పన్ను వేసి, ముద్ర గుద్దేవారు. వాళ్ళ సొంత పార్లమెంటు క్రోకర్న్ టోర్ అనే బండల మధ్య ఆరుబయట కూర్చునేది. జైలు లిడ్‌ఫర్డ్ కోటలో. "ముందు ఉరి, తర్వాత విచారణ" అని లిడ్‌ఫర్డ్ న్యాయం మీద డెవన్‌లో సామెత పుట్టింది.

తవ్వకపు మట్టి వాగుల్లో కొట్టుకొచ్చి కింద రేవులు పూడిపోయేవి. 1512లో ప్లింప్టన్ ఎంపీ రిచర్డ్ స్ట్రోడ్ దీన్ని ఆపాలని పార్లమెంటులో బిల్లు తలపెట్టాడు. తగరపు కోర్టులు అతనికి జరిమానా వేసి, లిడ్‌ఫర్డ్ జైల్లో పడేశాయి. దానికి జవాబుగా పార్లమెంటు స్ట్రోడ్ చట్టం చేసింది. సభలో చేసిన పనికి సభ్యుణ్ణి బయటి కోర్టు శిక్షించరాదన్న సూత్రానికి ఇది తొలి మెట్లలో ఒకటి. మన రాజ్యాంగం 105వ అధికరణం ఎంపీలకిచ్చే రక్షణ బ్రిటన్ కామన్స్ సభ సంప్రదాయం నుంచి తీసుకున్నదే. అంటే మన లోక్‌సభలో మాట స్వేచ్ఛ వంశవృక్షంలో ఒక వేరు డార్ట్‌మూర్ బురదలో ఉంది.

## రాతి వయసు ఎలా చదవాలి

డార్ట్‌మూర్‌లో చూసిన ప్రతి రాయీ పురాతనమనుకోవడం మామూలే. పోస్ట్‌బ్రిడ్జ్ దగ్గర నాలుగు మీటర్ల పైచిలుకు పలకలు పరిచిన క్లాపర్ వంతెనను చాలామంది ఆదిమానవుల కట్టడంగా భావిస్తారు. అది మధ్యయుగపుది. సరుకు మోసే గుర్రాలు దాటడానికి వేశారు. అసలైన పాతవి ఇంతకంటే తక్కువ ఆర్భాటంగా ఉంటాయి. సుమారు 3,500 ఏళ్ళ కిందట కంచు యుగపు జనం కిలోమీటర్ల తరబడి గీత గీసినట్టు పరిచిన పొలం గట్లు "రీవ్స్". ఇప్పుడవి గడ్డి కింద మోకాలెత్తు ఉబ్బుల్లా ఉంటాయి. పక్కనుంచి ఎండ పడ్డప్పుడే తెలుస్తాయి. గ్రిమ్స్‌పౌండ్‌లో 24 గుండ్రటి ఇళ్ళ పునాదులున్నాయి. అప్పట్లో వాతావరణం కాస్త వెచ్చన కాబట్టి ఇంత ఎత్తులో బతకగలిగారు. 2011లో వైట్‌హార్స్ హిల్ పీట్‌లో తవ్విన ఒక చిన్న రాతి సమాధిలో ఎలుగుబంటి తోలు, అల్లిన బుట్ట, పసుపు అంబర్ పూసలు చెక్కుచెదరకుండా దొరికాయి. గాలి ఆడని పీట్ నాచుతో పాటు తోలునూ కాపాడింది.

చెక్కిన గ్రానైట్ వయసు తెలుసుకోవడానికి అంచు చూస్తే చాలు. 1800 ప్రాంతానికి ముందు రాతిలో పొడుగాటి గాళ్ళు వరసగా తొలిచి, వాటిలో చీలలు కొట్టి చీల్చేవారు. ఆ తర్వాత గుండ్రటి రంధ్రాలు తొలిచి, ఒక్కోదాంట్లో రెండు లోహపు బద్దల మధ్య మేకు దించే పద్ధతి వచ్చింది. చీలిన అంచున పొడుగాటి గుంట సగాలుంటే పాతది, వేలి మందాన గుండ్రటి రంధ్రాల సగాలుంటే కొత్తది. హేటోర్ క్వారీల్లో ఈ రెండోదే కనిపిస్తుంది. 1820లో అక్కడి నుంచి రాయి దింపడానికి వేసిన ట్రామ్‌మార్గానికి ఇనుప పట్టాలు వేయలేదు. పట్టాలనే గ్రానైట్‌తో చెక్కారు. అంచు కట్టిన ఆ రాతి పట్టాలు ఇప్పటికీ గడ్డిలో ఉన్నాయి. వాటి మీద దిగిన రాయి 1831 నాటి లండన్ బ్రిడ్జిలోకి వెళ్ళింది. ఆ వంతెనను 1968లో అమ్మేశాక దాని రాళ్ళు అమెరికాలోని అరిజోనా చేరాయి.

## కేసు: "కాలినడకన" అన్న మాట దేనికి అతుకుతుంది?

1951లో డార్ట్‌మూర్ నేషనల్ పార్కు అయింది. మొత్తం 954 చదరపు కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లో నేషనల్ పార్కు అంటే ప్రభుత్వం భూమి తీసుకోవడం కాదు. యజమానులు యజమానులుగానే ఉంటారు, ఊళ్ళలో జనం ఉంటారు, పార్క్ అథారిటీ కట్టడాలకు అనుమతులు, కాపలా, నిబంధనలు చూసుకుంటుంది. 1985లో పార్లమెంటు డార్ట్‌మూర్ కామన్స్ చట్టం చేసింది. మేతకు నిబంధనలు పెట్టే కామనర్ల కౌన్సిల్ ఏర్పడింది. దాంతోపాటు పదో సెక్షన్ ప్రజలకు ఒక హక్కిచ్చింది: ఆరుబయట వినోదం కోసం, కాలినడకన గాని గుర్రంపై గాని, కామన్స్ మీదికి ప్రవేశించే హక్కు.

దక్షిణ డార్ట్‌మూర్‌లో స్టాల్ మూర్ అనే కామన్ ఉన్న ఎస్టేటు యజమానులు ఈ వాక్యాన్ని ప్రశ్నించారు. వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. "కాలినడకన, గుర్రంపై" అన్నారంటే చట్టం ఇచ్చింది నడిచే, స్వారీ చేసే వినోదమే. పడుకోవడం నడక కాదు. పైగా ఒకరి ఆస్తి మీద ఇతరులకు హక్కు ఇవ్వాలంటే చట్టం తేటతెల్లంగా చెప్పాలన్నది పాత సూత్రం. మంటలు, చెత్త, ఈనే ఆవులు బెదరడం గురించి వాళ్ళ ఆందోళన కూడా నిజమైనదే. వాళ్ళు అడిగింది తమ అనుమతి తీసుకోవాలనే, ఎవరూ ఎప్పటికీ గుడారం వేయకూడదని కాదు.

2023 జనవరి 13న హైకోర్టు వాళ్ళతో ఏకీభవించింది. ఒక్క రోజులో ఇంగ్లండ్‌లో అడగకుండా గుడారం వేసే హక్కున్న ఏకైక పెద్ద బీడు ఆ హక్కు కోల్పోయింది. జులై 31న అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2025లో సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు వైపే నిలిచింది.

సుప్రీంకోర్టు తర్కం తెలుగు వాక్యంతో తేలిగ్గా అర్థమవుతుంది. "అలిపిరి నుంచి కాలినడకన తిరుమల వెళ్ళి దర్శనం చేసుకున్నాం." ఇక్కడ కాలినడకన అన్నది వెళ్ళడానికి అతుకుతుంది. దర్శనం నడుస్తూనే చేసుకున్నారా అని ఎవరూ అడగరు. డార్ట్‌మూర్ చట్టంలోనూ "కాలినడకన, గుర్రంపై" అన్నది ప్రవేశించే తీరు చెబుతోంది: కారులో, మోటారు సైకిల్ మీద రావొద్దని. వచ్చాక చేసే వినోదం ఏమిటో ఆ మాట చెప్పదు. లేకపోతే బండ మీద కూర్చుని బొమ్మ గీసేవాడు, వాగు ఒడ్డున రొట్టె తినేవాడు కూడా చట్టం తప్పినట్టే. గుడారంలో పడుకోవడం వినోదం కాదు, దానికి వసతి మాత్రమే అన్న వాదమూ నిలవలేదు. మామూలు మాటల్లో అది ఆరుబయట వినోదమే. యజమానుల భయాలకు జవాబు కూడా చట్టంలోనే ఉందని కోర్టు చూసింది. పార్క్ అథారిటీకి ఉపనిబంధనలు చేసి అమలు చేసే అధికారం ఉంది.

మూడు గుడారాలు ఊహించుకుంటే హద్దు తెలుస్తుంది. ఒకటి: వీపున సంచి మోసుకుని లోపలికి నడిచి, తెరిచి ఉన్న కామన్ మీద ఒక రాత్రి చిన్న గుడారం వేసి, పొద్దున్నే తీసేసినది. తీర్పు కాపాడేది దీన్ని. రెండు: కారు దిగి రోడ్డు పక్కనే వేసిన పెద్ద కుటుంబ గుడారం. రోడ్డుకు 100 మీటర్లలోపు వేయకూడదన్న నిబంధన దీన్ని ఆపుతుంది. మూడు: అదే చిన్న గుడారం, అయితే యార్క్‌షైర్ మూర్ల మీద. ఇది కుదరదు. ఇంగ్లండ్ మిగతా బీళ్ళలో తిరిగే హక్కునిచ్చింది 2000 నాటి వేరే చట్టం. అది క్యాంపింగును పేరు పెట్టి మినహాయించింది. స్కాట్లండ్‌కు 2003 నుంచి తన సొంత, ఉదారమైన చట్టం ఉంది. డార్ట్‌మూర్‌లోనూ పార్కు అంతటా కాదు, కామన్స్ వరకే, అంటే పార్కులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఉత్తరాన సైన్యం కాల్పుల మైదానాలున్నాయి. ఎర్రజెండా ఎగిరితే ఏ హక్కూ పనికిరాదు.

## గడ్డి తగాదా

గుడారం వార్తల్లో కొట్టుకుపోయింది గానీ, మూర్ మీద బతికేవాళ్ళకు పెద్ద గొడవ ఇంకోటి. హెదర్ తగ్గి, మొలీనియా అనే గరుకు గడ్డి ఆక్రమిస్తోంది. చలికాలం అది తెల్లగా ఎండి, ఏ పశువూ ముట్టని చాపలా పరుచుకుంటుంది, ఎండలకు మంట త్వరగా అంటుకుంటుంది. ప్రకృతి పరిరక్షణ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ 2023లో గొర్రెల సంఖ్య, ముఖ్యంగా చలికాలం మేత, బాగా తగ్గించాలంది. మేత తగ్గిస్తే మొలీనియా ఇంకా పెరుగుతుందని కామనర్ల జవాబు. ఇద్దరూ చెప్పేదాంట్లో నిజముంది. గొర్రె హెదర్‌ను కొరికి చంపుతుంది. మొలీనియాను లేతగా ఉన్నప్పుడు తినేవి ఆవులు, గుర్రాలు. ఎన్ని పశువులన్న ప్రశ్న కంటే ఏ పశువు, ఏ నెలలో అన్నదే అసలు లెక్క. డేవిడ్ ఫర్స్‌డన్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన స్వతంత్ర కమిటీ 2023 డిసెంబరులో నివేదిక ఇచ్చింది.

## కథల్లో హద్దులు

డార్ట్‌మూర్ జానపదం అనగానే దయ్యపు కుక్కలు, మోటారు హ్యాండిల్ లాగే రోమాల చేతులు గుర్తొస్తాయి. రోమాల చేతుల కథ పోస్ట్‌బ్రిడ్జ్ దగ్గర బీ3212 రోడ్డుది, మోటారు వాహనాలు వచ్చాక పుట్టినది. కొన్ని కథలు ఉపయోగపడే జాగ్రత్తలు. పొగమంచులో దారి తప్పితే పిక్సీలనే బుల్లి దేవతలు తిప్పుతున్నారని, కోటు విప్పి తిరగేసి తొడుక్కుంటే వదిలేస్తారని అంటారు. పొగమంచులో చేయకూడని పని కంగారుగా నడవడం. కోటు తిరగేయాలంటే ముందు ఆగాలి.

ఎక్కువ కథలు మాత్రం భూమి ఎవరిదన్న దాని చుట్టూ తిరుగుతాయి. ఫాక్స్ టోర్ బురద పక్కన చైల్డ్ సమాధి ఉంది. మంచులో చిక్కుకున్న వేటగాడు చైల్డ్ తన గుర్రాన్నే చంపి, దాని కడుపులో దూరి, అయినా గడ్డకట్టి చనిపోయాడట. తనను పూడ్చినవారికే తన ప్లిమ్‌స్టాక్ భూములని రాసిపెట్టాడట. టావిస్టాక్ మఠం సన్యాసులు శవాన్ని ఎత్తుకుని పరుగెత్తారు. ప్లిమ్‌స్టాక్ వాళ్ళు వంతెన దగ్గర కాపు కాస్తే, సన్యాసులు పక్కన ఇంకో వంతెన కట్టుకుని దాటేశారు. మఠానికి ఆ భూములు ఎలా వచ్చాయో చెప్పే కథ ఇది. దస్తావేజుకు బదులు కథ. ఆ సమాధి రాళ్ళను 1812లో ఒక రైతు పనివాళ్ళు ఇంటి పనికి పీకేశారు. ఇప్పుడున్నది తర్వాత పేర్చినది.

ఇంకొకటి ఓల్డ్ క్రోకర్న్, మూర్ కాపలా దయ్యం. గ్రానైట్ రంగు ముఖం, పీట్ గుంటల్లాంటి కళ్ళు. బయటి ఊరి నుంచి డబ్బున్న మనిషి వచ్చి మూర్‌కు గోడ కట్టి దున్ని లాభం చేస్తానంటే, "నా వీపు గీకితే నీ జేబు చింపుతా"నని కలలో కబురు పంపాడట. ఆ మనిషి దివాళా తీశాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజంగానే దొరలు వచ్చి మూర్ నడుమ వేల ఎకరాలకు గోడలు కట్టారు. ఆ ఆమ్ల నేలలో పంట చాలావరకు రాలేదు. గోడలు మాత్రం నిలిచాయి.

2023 జనవరి 21న, హైకోర్టు తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, మూడు వేల మందికి పైగా స్టాల్ మూర్ మీదికి నడిచి వెళ్ళారు. గుంపులో ఓల్డ్ క్రోకర్న్ వేషం కట్టినవాళ్ళూ ఉన్నారు.